బొట్టుతో వెళ్లొచ్చా, రొట్టె తీసుకోవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గుమ్మం దగ్గర, చర్చి గుమ్మం దగ్గర, ఆగాయి. అందుకని కోడళ్ల పంచాయితీలు, ఆవకాయ బూజు సంగతులు వచ్చే నెలకు.

ప్రశ్న: టీచరమ్మగారూ, నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా మేడమీద అద్దెకుండే దంపతులు క్రైస్తవులు. ఆ అమ్మాయికి నొప్పులొచ్చిన రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. వచ్చే నెల మొదటి ఆదివారం బిడ్డకు చర్చిలో బాప్తిస్మం. ‘నువ్వు ముందు వరసలో ఉండాల పెద్దమ్మా’ అని పట్టుబట్టింది. లూథరన్ చర్చి అంట. అరవై ఏళ్లొచ్చినా నేను ఒక్క చర్చి గడపా తొక్కలేదు. బొట్టు తీసేసి వెళ్లాలా? అక్కడ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారంట, పుచ్చుకోకపోతే తప్పు పడతారా? మాది ఉల్లిపాయ కూడా తినని ఇల్లు, వాళ్లేమో మధ్యాహ్నం భోజనం ఉందంటున్నారు. మా ఆయన ‘పోతే కూర్చోబెట్టి మతంలో కలిపేసుకుంటారు’ అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. - ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, బొట్టు తీయొద్దు. ఆ ఒక్కమాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుకుంటారు.

కొత్త పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కలు. మా నాయన చిత్తూరులో ఒక చర్చికి గంట కొట్టేవాడు. ఆ ప్రహరీ లోపలి ఇంట్లోనే పుట్టాను. ముప్పై రెండేళ్లు బళ్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక ఆదివారాలు గుమ్మం దగ్గర నిలబడి పాటల పుస్తకాలు అందించి, కొత్తగా వచ్చినవాళ్లకు చోటు చూపించే పని నెత్తినేసుకున్నాను. అక్కడ నిలబడితే తెలుస్తుంది, కొత్తవాళ్లకు దేవుడి కంటే చెప్పుల భయమే ఎక్కువ. బయట విడవాలా, వేసుకుపోవాలా? దానికి ఒక రూలు లేదు. గుమ్మం పక్కన చెప్పుల గుట్ట ఉంటే మీవీ అందులో వదలండి. లేకపోతే వేసుకునే నడవండి. చాపలు, జంపఖానాలు పరిచిన చోట ఎలాగూ విడవాల్సిందే.

బొట్టు సంగతికొస్తే, మావాళ్లలో చాలామంది పెట్టుకోరు, నిజమే. కానీ ఏళ్ల తరబడి మీ నుదుటనున్న కుంకుమ ఆ ఒక్క పూట తుడుచుకొస్తే ఆ అమ్మాయే మిమ్మల్ని గుర్తుపట్టదు. ఒకరిద్దరు ముసలమ్మలు తేరిపార చూస్తారు. చూడనివ్వండి, వాళ్లు మా కోడళ్లనూ అలాగే చూస్తారు. తల్లో పూలు పెట్టుకోండి, మా చిత్తూరు వైపు చర్చికి మల్లెపూలు లేకుండా వచ్చే ఆడవాళ్లు తక్కువ. ప్రార్థన అన్నప్పుడు ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. మీరూ లాక్కుంటే ముచ్చటపడతారు, మరచిపోతే ఎవరూ ఏమీ అనరు. చాలా చర్చిల్లో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మీ ఆయన వస్తే ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే మీ కొంగు పట్టుకుని ఆడవాళ్ల మధ్యలో కూర్చుంటాడు.

ఆ అమ్మాయి మాట ఒక్కటి మాత్రం వినకండి. ముందు వరసలో కూర్చోవద్దు. అక్కడ మీ ముందు ఎవరూ ఉండరు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఎవరిని చూసి తెలుసుకుంటారు? నాలుగో వరసో ఐదో వరసో చూసుకోండి. మీకు ముందు నెరిసిన జుట్టు ముడి ఒకటి ఉండేలా కూర్చుని, ఆమె లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. మోకాళ్లూనితే మీరు తల వంచుకుంటే చాలు. ఆ వయసులో మోకాళ్లు ఎవరివైనా ఒకటే.

గుడికీ చర్చికీ మీకు బాగా కొట్టొచ్చినట్టు కనబడే తేడా ఒకటుంది. గుళ్లో ఎవరి వేళకు వాళ్లు వస్తారు, దర్శనం అవగానే బయటపడతారు. కొండమీద గంటల తరబడి కంపార్టుమెంట్లో కూర్చునేది ఆ రెప్పపాటు కోసమే కదా. చర్చిలో అందరూ కలిసి మొదలుపెట్టి అందరూ కలిసి ముగిస్తారు. అర్చన లేదు, గోత్రం అడగరు, ప్రదక్షిణ లేదు, తీర్థం లేదు. లూథరన్ చర్చిలో ఎదురుగా కనిపించేది బలిపీఠం అనే వేదిక, ఒక సిలువ, రెండు కొవ్వొత్తులు, ఏవో పూలు. అంతకుమించి చూసేదేమీ ఉండదు, అంతా వినేదే. రెండు గంటలు పడుతుంది, బల్ల ఉన్న ఆదివారం ఇంకాస్త ఎక్కువ. బల్ల అంటే మీరడిగిన ఆ రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడమే. మొదటి ఆదివారం చాలా సంఘాల్లో బల్ల ఉంటుంది, మీకూ తప్పకపోవచ్చు. కాఫీ తాగి వెళ్లండి.

లోపల వినబడే తెలుగు మీకు వింతగా తోస్తుంది. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అంటూ అందరూ ఒక్క గొంతుతో అందుకుంటారు, ‘యొక్కయు’ ‘గాక’ ‘దయచేయుము’ అంటారు. గ్రాంథికం పరీక్ష పేపర్లలోంచి వెళ్లిపోయినా మా ఆదివారాల్లోంచి పోలేదు. మా బళ్లో వ్యాకరణం పీరియడంటే పారిపోయే పిల్లాడు ఆదివారం మా నమ్మకాన్ని చెప్పే విశ్వాస ప్రమాణం గడగడా అప్పజెప్పేవాడు. ఎప్పుడు ఏది వస్తుందో ఆరాధన క్రమం పుస్తకంలో అచ్చువేసి ఉంటుంది, పక్కనున్న ఆవిడను అడిగితే పేజీ తీసిస్తుంది. మొదట పాపపు ఒప్పుకోలు, తర్వాత బైబిలు వాక్య పఠనాలు, ప్రసంగం, ప్రార్థనలు, కానుక, దీవెన. మధ్య మధ్య కీర్తనలు.

ఆ కీర్తనల దగ్గర కొంచెం ఆగండి. గోడమీద ఒక చెక్క బోర్డు, దానిమీద అంకెలు కనబడతాయి. ఆ పూట పాడబోయే పాటల నంబర్లవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి అడిగి తీసుకుని ఆ నంబరు తిప్పండి. పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, మోహన. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. అన్నమయ్య పదాలు వింటూ పెరిగిన తిరుపతి చెవులకు అది పరాయి సంగీతం కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారిలాంటివాళ్లు కట్టిన పాటలు ఇప్పటికీ పాడతారు. అయితే రాగం పేరు పుస్తకంలో ఉన్నంత శుద్ధంగా మా గొంతుల్లో ఉండదు, నూరు మంది కలిసి సాగదీసేసరికి మోహన ఎటు పోయిందో మోహనకే తెలియదు. ఇంగ్లీషు, జర్మన్ పాటల్ని తెలుగు చేసి అదే బాణీలో పాడేవీ ఉంటాయి. ఈ లూథరన్ సంఘానికి మూలం జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి 19వ శతాబ్దంలో ఈ తట్టుకు వచ్చిన మిషనరీలు. ఇవాళ దాని పేరు సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి, కేంద్ర కార్యాలయం మీ తిరుపతిలోనే ఉంది.

బాప్తిస్మం అయిదు నిమిషాల పని. తల్లిదండ్రులు, బిడ్డకు అండగా నిలబడే జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డనెత్తుకుని ముందుకెళ్తారు. తెల్లటి నిలువుటంగీ వేసుకున్న అయ్యగారు, అంటే పాస్టరుగారు, వాళ్లను కొన్ని ప్రశ్నలు అడుగుతారు, బిడ్డ పేరు అడిగి ఆ పేరు పెట్టి పిలిచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తలమీద మూడుసార్లు నీళ్లు పోస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడవకపోతే వెనక బెంచీలో అవ్వలు ‘పాపం, బంగారు బిడ్డ’ అంటారు, ఏడిస్తే ‘గొంతు బాగుంది, పాటలు పాడుతుంది’ అంటారు. అప్పుడు మీరు లేచి ముందుకు వెళ్లి చూడొచ్చు, ఎవరూ కాదనరు.

కానుక సంచి వరస వెంట చేతులు మారుతూ వస్తుంది. పదో ఇరవయ్యో వెయ్యాలనిపిస్తే వెయ్యండి, లేకపోతే పక్కకు అందించండి. హుండీలాగా మొక్కు లెక్క ఏమీ లేదు. సంపాదనలో పదో వంతు వేసే దశమభాగం కవర్లు సభ్యులకే.

ఇక రొట్టె. మీరు అడిగినవాటిలో నిజంగా తెలుసుకుని వెళ్లాల్సింది ఇదొక్కటే, అందుకే చివరికి పెట్టాను.

మన తిరుపతిలో ప్రసాదం వద్దనడం తప్పు. దోవన పోయేవాళ్ల చేతిలో లడ్డూ ముక్క పెట్టినా కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. ఆ అలవాటుతోనే మీకు ‘పుచ్చుకోకపోతే తప్పు పడతారా’ అని దిగులు. చర్చిలో లెక్క తిరగబడి ఉంటుంది. పుచ్చుకోకపోతే ఏ తప్పూ లేదు. బల్ల దగ్గరి రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం పొంది, పాఠాలు నేర్చుకుని, బల్లలో చేరినవాళ్లకే. మా సంఘంలో మా సొంత పిల్లలు కూడా ఆ వయసు వచ్చేదాకా బెంచీలోనే కూర్చుంటారు. మీరూ కూర్చోండి. వరస లేచినప్పుడు మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇస్తే చాలు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఎనిమిదేళ్ల కిందట మా వీధి చివర ఇడ్లీలు పెట్టి అమ్మే ఒకావిడ మొదటిసారి మా చర్చికి వచ్చింది. భర్తకు కిడ్నీల జబ్బు, వారానికి రెండుసార్లు వేలూరు బస్సెక్కేవాళ్లు. బల్ల సమయానికి నేను వరసల పక్కన నిలబడి ‘రండి, రండి’ అని చేత్తో సైగ చేస్తూ ఒక్కో బెంచీనీ లేపుతున్నా. అలవాటు పని, ముఖాలు చూడలేదు. ఆమెనూ లేపాను. ఆమె వెళ్లి అందరితోపాటు మోకరించింది. అయ్యగారు అరచేతిలో అప్పం, అదే ఆ రొట్టె, పెట్టారు. అది రూపాయి బిళ్లంత, కాగితమంత పల్చన. ఆమె కళ్లకద్దుకుంది. కొంగు ముడి విప్పి, అందులోని చిల్లర ఒక పక్కకు తోసి, అప్పం పెట్టి మళ్లీ ముడేసుకుంది. ద్రాక్షరసం గిన్నె ఆమె దాకా రాకముందే లేచి వచ్చేసింది.

అయ్యగారు చూశారు, ఏమీ అనలేదు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరికీ వందనాలు చెబుతూ ఆమెను పక్కకు పిలిచారు. ‘కొంగులో ఏం దాచినావమ్మా?’ అన్నారు. ‘మా ఆయనకు సామీ, ప్రసాదం’ అంది. ‘ఇది ఇంటికి తీసుకుపోయేది కాదమ్మా. ఇట్లియ్యి. మీ ఆయన దగ్గరికి సాయంత్రం నేనే వస్తా’ అన్నారు. ఆమె ముడి విప్పేసరికి అప్పం నాలుగు ముక్కలైంది, ఒక ముక్క రూపాయి బిళ్లకు అంటుకుంది. ఆయన ఆ ముక్కలన్నీ ఏరి అక్కడే నోట్లో వేసుకున్నారు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లారు కూడా. పోతూ పోతూ నాతో ‘టీచరమ్మా, బస్సు నింపినట్టు నింపొద్దు’ అన్నారు. తప్పు ఆమెది కాదు, నాది. ఆ తర్వాత బల్ల సమయంలో చేతులు కట్టుకుని నిలబడతాను, ఎవరు లేవాలో వాళ్లకే తెలుసు.

మీ లేఖలో మిగిలినవి చిన్నవి. ‘కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి’ అని మైకులో అనొచ్చు. లేచి నమస్కారం పెట్టి ‘బిడ్డ వాళ్ల పెద్దమ్మను’ అంటే సరిపోతుంది, కూర్చునే ఉన్నా సరిపోతుంది. ఫోన్ నంబరు అడిగినా, చిన్న పుస్తకం ఇచ్చినా ఇష్టముంటే సరే, లేకుంటే ‘వద్దండి’ అనండి. మావాళ్లలో ఒకరిద్దరికి ఉత్సాహం ఎక్కువ, అది దాచను. మీ ఆయనతో మాత్రం చెప్పండి, సంఘంలో చేరాలంటే పాఠాలకు రావాలి, అయ్యగారి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి, ఏటా చందా కట్టాలి. మా తోడికోడలి తమ్ముడు ముప్పై ఏళ్లుగా ప్రతి క్రిస్మస్‌కూ వచ్చి కూర్చుంటున్నాడు, ఇంకా చేరలేదు. భోజనం బిర్యానీయే అయి ఉంటుంది. మీకు విడిగా వండిస్తారు గానీ ఉల్లి లేకుండా అంటే మా వంటమాస్టర్లకు పెరుగన్నం ఒక్కటే తోస్తుంది. నాలుగు రోజుల ముందే ఆ అమ్మాయి చెవిన వెయ్యండి. బిడ్డకు గౌను తీసుకెళ్లండి, తెల్లది వద్దు, ఆ రోజు అందరూ తెల్లవే తెస్తారు.

ప్రశ్న: మేడమ్, నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. పోయిన క్రిస్మస్‌కు ఫ్రెండ్ వాళ్ల సీఎస్ఐ చర్చికి వెళ్లాను, ప్రశాంతంగా ఉంది. ఇప్పుడు రూమ్మేట్ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రమ్మంటున్నాడు. అక్కడ డ్రమ్స్, కేకలు, తలమీద చెయ్యి పెడితే పడిపోతారు అంటున్నారు. రెండూ చర్చేనా? వెళ్తే ఏమవుతుంది? - బి.ఎస్సీ. విద్యార్థి

జవాబు: రెండూ చర్చే నాయనా, వచ్చిన దారులు వేరు. నువ్వు చూసినదాని వెనక చిత్తూరు వైపు 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్ ఉంది, స్కడ్డర్ అనే మిషనరీ కుటుంబం నడిపింది. ఆ మిషన్ సంఘాలు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఇంకా కొందరు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒకటయ్యారు, అదే సీఎస్ఐ, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. అన్నీ క్రమంలో అచ్చువేసుకున్నవాళ్లు కనుక నెమ్మది ఎక్కువ. ఆ ఆరాధనలో నాకు ఇష్టమైనది, నువ్వు క్రిస్మస్ రద్దీలో గమనించావో లేదో, సమాధానం అందించడం. ఇక్కడ సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. పక్కవాళ్ల రెండు అరచేతుల మధ్య మన చేతులు ఉంచి ‘సమాధానము’ అంటాం. ఆ మాట బలిపీఠం దగ్గర బయలుదేరి బెంచీ బెంచీ దాటుకుంటూ చివరి వరస దాకా వస్తుంది. సంవత్సరమంతా మాట్లాడుకోని ఆడబిడ్డా వదినలు కూడా ఆ క్షణం చేతులు చాచాల్సిందే.

నీ రూమ్మేట్ పిలిచేది పెంతెకోస్తు సంఘం అనుకుంటా. వాళ్ల ఉద్యమం 1906 నాటి లాస్ ఏంజిల్స్ కూడికలతో ప్రపంచమంతా పాకింది. అక్కడ అచ్చు క్రమం ఉండదు. కీబోర్డు, డ్రమ్స్, చప్పట్లు, ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం, అందరూ ఒకేసారి గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్లు చెయ్యడం. కొందరు నీకు అర్థం కాని భాషల్లో ప్రార్థిస్తారు, బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చదివితే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మొదటిసారి నేనూ బెదిరాను, అప్పటికి నాకు నలభై దాటాయి. స్పీకరు బాక్సుకు దూరంగా, తలుపు దగ్గర కూర్చో. మూడు గంటలైనా సాగుతుంది, పని ఉంటే మధ్యలో లేచి రావచ్చు. ‘ముందుకు రండి, ప్రార్థన చేస్తాం’ అంటే వెళ్లాలని లేదు. చెయ్యి తలమీద పెట్టడం దీవెన కోసమే, అయినా వద్దనుకుంటే ‘ఇక్కడే కూర్చుంటానన్నా’ అను. గట్టిగా లాగితే అది ఆ మనిషి తొందర, మళ్లీ వెళ్లకు. కొన్ని పెంతెకోస్తు సంఘాల్లో నగలు పెట్టుకోరు, తెల్లబట్టలే కడతారు. నీ చెవికమ్మ చూసి ఎవరైనా ఏమైనా అంటే నవ్వేసి ఊరుకో. ఉపవాసం కదాని ఖాళీ కడుపుతో పోవద్దు, అది వాళ్ల ఉపవాసం.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన తండ్రి చనిపోయారు, క్రైస్తవులు. అంత్యక్రియలకు ముందు చర్చిలో ప్రార్థన ఉందన్నారు. చర్చికి వెళ్లాలా, సమాధుల దొడ్డికా? అక్కడ ఏం చెయ్యాలి? - పలమనేరు పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది, ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. రెండింటికీ వెళ్లొచ్చు, ఒకదానికే వెళ్లినా ఫర్వాలేదు. చర్చిలో పెట్టె ముందు భాగాన పెడతారు, ఒక పాట, ఒక వాక్యం, పోయినాయన గురించి నాలుగు మాటలు, ప్రార్థన. దండ తీసుకెళ్తే పెట్టె దగ్గర ఇవ్వండి. కొబ్బరికాయ, అగరొత్తులు వద్దు. గుంత దగ్గర పెట్టె దించాక అయ్యగారు మన్ను మన్నుకే అని చదువుతారు. ముందు ఇంటివాళ్లు, తర్వాత మిగతావాళ్లు మూడేసి పిడికిళ్ల మన్ను వేస్తారు. మీరూ వెయ్యొచ్చు. వేసేటప్పుడు ఏమీ అనక్కర్లేదు. అంచుకు మరీ దగ్గరగా నిలబడొద్దు, వానాకాలం అయితే ఆ మట్టి జారుతుంది. వచ్చేటప్పుడు గేటు దగ్గర బకెట్లో నీళ్లు, ఒక చెంబు పెట్టి ఉంచుతారు.